లైట్ వెయిట్ క్రాంక్ పుల్లీ వేయించొచ్చా? బెల్టు ఎలాగూ విప్పుతున్నాం కదా అని అడుగుతున్నా

మూడోగేరు:

అందరికీ నమస్కారం. నాది 1.6 లీటర్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. నాలుగు సిలిండర్లు, మాన్యువల్ గేర్లు, టర్బో లేదు. ఇప్పటికి 1,34,000 కిలోమీటర్లు తిరిగింది. ఇంజిన్ ఇంతవరకూ విప్పలేదు. ఆయిల్ తాగదు, పొగ రాదు.

పదిహేను రోజులుగా పొద్దున్నే స్టార్ట్ చేయగానే బెల్టు కీచుమంటోంది. ఓ అర నిమిషం అరిచి ఊరుకుంటుంది. చూపిస్తే మెకానిక్ బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ మార్చేద్దాం అన్నాడు. పోతూ పోతూ "కింద క్రాంక్ పుల్లీ కూడా కాస్త ఊగుతున్నట్టుంది, విప్పాక చూద్దాం" అని ఓ మాట వదిలాడు. క్రాంక్ పుల్లీ అంటే పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ ముందు కొసన ఉండి ఈ బెల్టుని తిప్పే చక్రం.

అప్పట్నుంచి నా బుర్రలో పురుగు తొలుస్తోంది. పుల్లీ ఎలాగూ మార్చాల్సి వస్తే మళ్లీ అదే ఇనుప ముద్ద ఎందుకు, అల్యూమినియంది వేస్తే పోలా అని. అమ్మేవాళ్లు రాసుకున్నది చదివితే నోరూరిపోతోంది. కంపెనీది 2.3 కిలోలు, వాళ్లది 640 గ్రాములట. సైజు కూడా 148 మిల్లీమీటర్ల నుంచి 124కి తగ్గుతుందట. 8 హార్స్ పవర్ పెరుగుతుందట, మైలేజీ కూడా. కింద ఇంకో లైను ఉంది: "ఈ ఇంజిన్ లోపలే బ్యాలెన్స్ అయి వస్తుంది కాబట్టి డాంపర్ అవసరం లేదు."

ఆ చివరి లైన్ దగ్గరే నా బండి ఆగింది. డాంపర్ అంటే కంపెనీ పుల్లీలో వణుకుని అణిచే రబ్బరు, బరువు రింగు. అక్కర్లేని దాన్ని కంపెనీవాళ్లు కిలోన్నర ఇనుము, రబ్బరు పోసి ఎందుకు చేశారు? ఒక్కో బోల్టు దగ్గరా లెక్క చూసుకునేవాళ్లు కదా వాళ్లు!

నేను రేసులకి వెళ్లను. రోజూ ఆఫీసుకి, అప్పుడప్పుడు ఘాట్ రోడ్లకి. బండి కాస్త చురుగ్గా ఉంటే చాలు. వేసి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే, మంచీ చెడూ రెండూ చెప్పండి.

రెడ్‌లైన్‌రాజా:

కళ్లు మూసుకుని వేసెయ్ బ్రో. నా 1.8కి వేసి రెండు సీజన్లు ట్రాక్ మీద నడిపాను. ఇంజిన్ ముక్కలవలేదు, క్రాంక్ విరగలేదు. పెడల్ తాకితే ముల్లు పైకి లేస్తుంది, గేర్ దించేటప్పుడు ఆర్‌పీఎం కలపడం ఎంత తేలికో చెప్పలేను. డాంపర్ డాంపర్ అని భయపెట్టేవాళ్లలో సగంమంది ఆ పుల్లీని చేత్తో పట్టుకుని కూడా చూసి ఉండరు.

ఒక్కటే జాగ్రత్త. ఊరూ పేరూ లేనిది కొనకు. గాడులు సరిగ్గా కొయ్యకపోతే బెల్టుని తినేస్తుంది.

పాతబెల్టు:

తమ్ముడూ, నేను చేత్తో పట్టుకుని చూడడమే కాదు, వేయించి 14 నెలలు నడిపి, మళ్లీ తీసేసి పాతదే బిగించుకున్నవాణ్ణి. నాదీ నాలుగు సిలిండర్లదే, నీలాంటి బండే. కాబట్టి కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక పట్టు.

ముందు సంతోషం సంగతి. వేయించిన రోజు నాకు నిజంగానే బండి మారిపోయినట్టు అనిపించింది. న్యూట్రల్‌లో రేజ్ చేస్తే ముల్లు చటుక్కున లేచి చటుక్కున పడుతోంది. ఆ వారం కనబడినవాళ్లందరికీ బానెట్ ఎత్తి చూపించాను, ఎర్ర రంగు పుల్లీ మరి. తర్వాత ఓ ఆదివారం ఖాళీ రోడ్డు మీద మూడో గేర్‌లో 2500 నుంచి 6000 దాకా స్టాప్‌వాచ్ పెట్టి చూశాం. అటు మూడుసార్లు, ఇటు మూడుసార్లు. పాత పుల్లీతో ముందే రాసి పెట్టుకున్న సగటు 9.4 సెకన్లు. కొత్తదానితో 9.3. పక్కన కూర్చున్న మా తమ్ముడు బటన్ నొక్కడంలోనే అంతకంటే ఎక్కువ తేడా ఉంటుంది! కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే అనుకున్నాను. కానీ ఎర్ర పుల్లీ మీద మోజుతో నోరు మూసుకున్నాను.

ఇక కష్టాలు. నీకు చెబుతున్న 148, 124 కొలతలే నాదానివి కూడా. అంటే అది తేలిక పుల్లీ ఒక్కటే కాదు, చిన్న పుల్లీ. బెల్టు మీద ఉన్నవన్నీ, అంటే ఆల్టర్నేటర్, వాటర్ పంప్, ఏసీ కంప్రెసర్, స్టీరింగ్ పంప్ ఉంటే అదీ, 16 శాతం నెమ్మదిగా తిరుగుతాయి. నా ఆల్టర్నేటర్ పుల్లీ 56 మిల్లీమీటర్లు. ఐడిల్‌లో ఇంజిన్ 750 తిరుగుతుంటే ఆల్టర్నేటర్ ఇదివరకు దగ్గరదగ్గర 1980 తిరిగేది, ఇప్పుడు 1660. ఆల్టర్నేటర్‌కి ఆ కింది ఆర్‌పీఎంలలోనే ప్రతి వందా ముఖ్యం, కరెంటు గబగబా పెరిగేది అక్కడే. వానలో, రాత్రిపూట, హెడ్‌లైట్లు, బ్లోయర్, వెనక అద్దం హీటర్, వైపర్లు అన్నీ వేసుకుని సిగ్నల్ దగ్గర ఆగితే డాష్‌బోర్డు లైట్లు చూస్తుండగానే మసకబారేవి. మల్టీమీటర్ పెడితే బ్యాటరీ దగ్గర 12.7 వోల్టులు. అదే పరిస్థితిలో పాత పుల్లీతో 13.9 ఉండేది. అంటే సిగ్నల్ దగ్గర ఆగినంతసేపూ బ్యాటరీ తిండి పెట్టడమే గానీ తినడం లేదన్నమాట. మూడేళ్లు రావాల్సిన బ్యాటరీ ఏడాదిన్నరకే చేతులెత్తేసింది. దానికి పూర్తిగా ఇదే కారణమని ఒట్టేసి చెప్పను, కానీ నా అనుమానం మాత్రం దీనిమీదే.

ఇంజిన్ వేడెక్కిపోలేదు. కానీ ఎండాకాలం ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుంటే రేడియేటర్ ఫ్యాన్ ఆగడమే మానేసింది. ఏసీ చల్లదనం కూడా ఆగినప్పుడల్లా తగ్గేది.

బెల్టు కూడా మారుతుంది, ఇది అమ్మేవాళ్లు చెప్పరు. నాకు 6పీకే1070 ఉండేది, అంటే ఆరు గాడులు, 1070 మిల్లీమీటర్ల పొడవు. పుల్లీ చిన్నదయ్యాక టెన్షనర్ చివరిదాకా వచ్చేసినా వదులే. వెతికి వెతికి 6పీకే1030 వేయించాను. 14 నెలల తర్వాత పుల్లీ విప్పినప్పుడు గాడుల్లో వేలు పెట్టి తుడిస్తే బూడిదరంగు ముద్ద అంటుకుంది. బెల్టు పొడి, దుమ్ము, అల్యూమినియం అన్నీ కలిసిన పేస్టు అది. గాడుల అంచులమీద ఎర్ర రంగు ఎప్పుడో పోయింది, లోపల తెల్లగా మెరుస్తోంది. గట్టి ఆనోడైజింగ్ (అల్యూమినియం మీద పూత) చేసినవైతే ఇంకొన్నాళ్లు వస్తాయి. ఇనుముకైతే ఈ గొడవే లేదు.

ఇప్పుడు నీ బండి ఆగిన లైను. "లోపలే బ్యాలెన్స్ అయింది కాబట్టి డాంపర్ అక్కర్లేదు" అనేది ఇటు ముక్కకి అటు అతుకు వేయడం. బ్యాలెన్స్ వేరు, డాంపర్ పని వేరు. బ్యాలెన్స్ అంటే తిరిగే వస్తువు బరువు ఒక పక్కకి ఒరగకుండా ఉండడం. ఫ్యాన్ రెక్కకి మట్టి అంటితే ఫ్యాన్ ఊగుతుంది చూడు, అది బ్యాలెన్స్ గొడవ. డాంపర్ చూసుకునేది మెలి. తడి బట్టని రెండు చేతులతో పిండినట్టు, సిలిండర్ పేలిన ప్రతిసారీ క్రాంక్ షాఫ్ట్ ఓ వెంట్రుకవాసి మెలితిరిగి మళ్లీ వెనక్కి వస్తుంది. ఉక్కే అయినా సరే, ఎంతో కొంత స్ప్రింగే. ఫ్లైవీల్ (క్లచ్ పక్కనుండే బరువైన చక్రం) ఉన్న కొస బరువుకి కదలదు, పుల్లీ ఉన్న ముందు కొస ఎక్కువగా వణుకుతుంది. ఉయ్యాలని సరిగ్గా దాని ఊపుకి తగ్గట్టు తోస్తే చిన్నపిల్ల తోసినా ఎత్తుకి పోతుంది కదా, అలాగే ఏదో ఒక ఆర్‌పీఎం దగ్గర పేలుళ్ల లయ, క్రాంక్ సొంత ఊపు కలుస్తాయి. అక్కడ మెలి పెరుగుతూ పోతుంది. కంపెనీ పుల్లీలో లోపలి హబ్‌కీ బయటి బరువు రింగుకీ మధ్య ఉండే రబ్బరు ఆ ఊపుని మింగి వేడిగా మార్చేస్తుంది. పేరుకి పుల్లీ. బెల్టు తిప్పడం దాని రెండో ఉద్యోగం.

ఎంత బాగా బ్యాలెన్స్ చేసిన క్రాంక్ అయినా మెలితిరుగుతుంది. ఇది గుర్తుపెట్టుకుంటే అమ్మేవాళ్ల మాటల్లో సగం రాలిపోతాయి.

మరి నా ఇంజిన్‌కేమైంది అంటావా? ఏమీ కాలేదు. ఆయిల్ మార్చినప్పుడల్లా ఫిల్టర్ కోసి చూశాను, బేరింగ్ పొడి కనబడలేదు. 14 నెలలకి ఏదో అవుతుందని కూడా నేననను. నాలుగు సిలిండర్ల క్రాంక్ పొట్టిది, గట్టిది. ఐతే ఒక పదో వంతు సెకను కోసం ఇన్ని అవస్థలు దేనికని తీసేశాను, అంతే.

అసలు విషయం ఇప్పుడు చెబుతున్నాను. నువ్వు లైట్ పుల్లీ గురించి అడిగావు గానీ, నాకు నీ మెకానిక్ వదిలేసిన మాటే ముఖ్యంగా కనబడుతోంది. "పుల్లీ ఊగుతోంది" అన్నాడు కదా. 1,34,000 కిలోమీటర్లకి ఆ రబ్బరు ఎండి, బయటి రింగు హబ్ మీద జారుతూ ఉండొచ్చు. పొద్దున్న కీచు కూడా దానిదే కావచ్చు. చల్లగా ఉన్నప్పుడు, స్టార్ట్ చేయడానికి వాడిన బ్యాటరీని ఆల్టర్నేటర్ నింపుతూ ఉన్నప్పుడు బెల్టు మీద లోడు ఎక్కువ.

పరీక్షకి ఖర్చులేదు. ఇంజిన్ ఆపి, చల్లారాక, పుల్లీ ముఖం శుభ్రంగా తుడిచి హబ్ నుంచి రబ్బరు మీదుగా బయటి రింగు దాకా తెల్ల పెయింటుతో ఒక్క గీత గియ్యి. వారం నడిపి చూడు. గీత తెగి రెండు ముక్కలు పక్కకి జరిగితే రబ్బరు పట్టు వదిలేసినట్టే.

ఈ చిట్కా నాకు ఊరికే రాలేదు. పాత కార్బురేటర్ బండి రోజుల్లో, స్పార్క్ ఏ క్షణంలో పడుతోందో పుల్లీ మీది గుర్తుతో చూపించే టైమింగ్ లైట్ పెట్టి, రెండు ఆదివారాలు ఆ స్పార్క్‌ని పంచే డిస్ట్రిబ్యూటర్‌తో కుస్తీ పట్టాను. గుర్తు సరిగ్గా కలిపితే బండి కదలదు, చెవితో విని తిప్పితే బ్రహ్మాండంగా లాగుతుంది. చివరికి తేలిందేమిటయ్యా అంటే, గుర్తు ఉన్నది బయటి రింగు మీద. ఆ రింగే పదిహేను డిగ్రీలు జారి కూర్చుంది. ఇంజిన్ తప్పు కాదు, నా తప్పు కాదు, గీత తప్పు.

సగంఎమ్మార్‌స్క్వేర్:

పాతబెల్టు గారి స్టాప్‌వాచ్‌కి లెక్క తోడు వేస్తాను. నాకు లెక్కల పిచ్చి, క్షమించాలి.

పుల్లీ బరువు ఎంతన్నదానికంటే ఆ బరువు ఇరుసుకి ఎంత దూరంలో ఉందన్నది ముఖ్యం. 2.3 కిలోల పుల్లీలో బరువంతా సగటున 5.5 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుంటే దాని జడత్వం సుమారు 0.007 కిలో మీటర్ స్క్వేర్. 640 గ్రాముల దానికి, 4.5 సెంటీమీటర్లు అనుకుంటే, 0.0013. తేడా 0.0057. ఈ తేడా బండికి ఎంత బరువు తగ్గినట్టు అనిపిస్తుందో గేర్‌ని బట్టి ఉంటుంది. మొదటి గేర్, ఫైనల్ డ్రైవ్ కలిపి 14 రెట్లు (చక్రం ఒకసారి తిరిగితే ఇంజిన్ 14 సార్లు), టైరు వ్యాసార్థం 30 సెంటీమీటర్లు అనుకోండి. 14ని 14తో, ఆ 0.0057తో హెచ్చించాలి, 0.3 స్క్వేర్ అంటే 0.09తో భాగించాలి. దాదాపు 12 కిలోలు వస్తుంది. నాలుగో గేర్‌లో మొత్తం 4 రెట్లే కాబట్టి ఒక్క కిలో. అంటే మొదటి గేర్‌లో డిక్కీలోంచి ఓ స్టెప్నీ తీసేసినట్టు, నాలుగో గేర్‌లో ఓ నీళ్ల సీసా తీసేసినట్టు. న్యూట్రల్‌లో మాత్రం మోయాల్సిన బండే లేదు కాబట్టి తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అందరూ మురిసిపోయేది దానికే.

పవర్ సంగతి. 3000 నుంచి 6000కి మూడు సెకన్లలో ఎక్కిందనుకుంటే, ఆ 0.0057 వల్ల మిగిలేది చివర్లో సుమారు అర హార్స్ పవర్. అదీ ఆర్‌పీఎం పెరుగుతున్నంతసేపే. ఒకే వేగంతో హైవే మీద పోతుంటే బరువు వల్ల లాభం సున్నా, మైలేజీ మాటే లేదు. కాబట్టి 8 హార్స్ పవర్ బరువు తగ్గడం వల్ల రాదు, రాలేదు.

ఏమన్నా వస్తే పుల్లీ చిన్నదవడం వల్ల రావాలి. వాటర్ పంప్ తినే పవర్ దాని వేగం ఘనంతో పెరుగుతుంది. 16 శాతం నెమ్మదిస్తే 40 శాతం దాకా తక్కువ తింటుంది. వినడానికి బాగుంది. కానీ నీళ్లు కూడా 16 శాతం తక్కువ పంపుతుంది. ఆల్టర్నేటర్ విషయంలో అదీ లేదు, బండి అడిగిన కరెంటు ఇవ్వాలంటే ఏ వేగంలోనైనా దానికి దాదాపు అంత పవర్ కావాల్సిందే. ఎలక్ట్రిక్ స్టీరింగ్ ఉన్న బండైతే మిగుల్చుకోవడానికి స్టీరింగ్ పంపే లేదు. మూడోగేరు గారూ, మీది ఏ రకం?

చురుకుదనమే కావాలంటే ఫ్లైవీల్ చూడండి. 7 కిలోల ఫ్లైవీల్ బదులు 4 కిలోలది వేస్తే తగ్గే జడత్వం ఈ పుల్లీతో తగ్గేదానికి ఆరేడు రెట్లు. క్లచ్ మార్చే రోజు వచ్చినప్పుడు ఆలోచించాల్సిన పని అది. దానికీ కష్టాలున్నాయి. ఐడిల్‌లో గరగర, కదిలేటప్పుడు బండి ఆగిపోవడం, కొన్ని బండ్లలో క్రాంక్ వేగం ఎగుడుదిగుడుగా కనబడి కంప్యూటర్ మిస్‌ఫైర్ (సిలిండర్ సరిగ్గా పేలకపోవడం) అని పొరబడి పీ0300 కోడ్‌తో లైటు వెలిగించడం.

వరుసగాఆరు:

నాలుగు సిలిండర్లవాళ్లు మాట్లాడుకుంటున్నారు కాబట్టి చదివి ఊరుకుందామనుకున్నా. కానీ ఇది చదివి వరుస ఆరు ఉన్నవాడెవడైనా పుల్లీ కొనేస్తాడేమోనని రాస్తున్నా.

వరుసగా ఆరు సిలిండర్లున్న ఇంజిన్ అంత నున్నగా నడిచేవి అరుదు. బ్యాలెన్స్‌లో దానికి వంక పెట్టలేం. కానీ క్రాంక్ పొడుగు. పొడుగుకొద్దీ మెలి. మెలి తిరిగే కడ్డీ ఎంత పొడుగైతే దాని సొంత ఊపు అంత నెమ్మది, అంటే మనం రోజూ వాడే ఆర్‌పీఎంలలోకే దిగి వస్తుంది. ఉదాహరణకి ఊపు సెకనుకి 300 అనుకోండి. ఆరు సిలిండర్లలో చుట్టుకి మూడు పేలుళ్లు. 6000 ఆర్‌పీఎం అంటే సెకనుకి 100 చుట్లు, 300 పేలుళ్లు. సరిగ్గా కలిసింది. వందేళ్ల క్రితం తొలి ఆరు సిలిండర్ల కార్లలో క్రాంక్‌లు విరుగుతుంటేనే బ్రిటన్‌లో లాంచెస్టర్ లాంటివాళ్లు తలలు బద్దలు కొట్టుకుని డాంపర్ కనిపెట్టారు. అందుకే "బ్యాలెన్స్ బాగుంది, డాంపర్ వద్దు" అంటే నాకు నవ్వొస్తుంది. డాంపర్ పుట్టిందే ఇంత బాగా బ్యాలెన్స్ అయిన ఇంజిన్ కోసం.

ముందు దెబ్బతినేది క్రాంకే కానక్కర్లేదు. ఆయిల్ పంప్ క్రాంక్ ముందు కొస మీదే కూర్చునే ఇంజిన్లున్నాయి, నిస్సాన్ ఆర్‌బీ26 అలాంటిదే. ఎక్కువ ఆర్‌పీఎంలో ఆ పంప్ గేరు పగలడం దాన్ని ట్యూన్ చేసేవాళ్లందరికీ తెలిసిన భయం. పంప్ పోతే ఆయిల్ లేదు, ఆయిల్ లేకపోతే ఏముంది చెప్పడానికి. నేను నా దానికి లైట్ పుల్లీ వేయలేదు సరికదా, కంపెనీ డాంపర్ కంటే పెద్దది, సిలికోన్ ద్రవం నింపినది వేశాను. బరువు పెరిగింది. నిద్ర బాగా పడుతోంది.

ఇంకోటి, పాత అమెరికన్ వీ8లు ఉన్నవాళ్లు. ఫోర్డ్ 302, షెవర్లే 454 లాంటి వాటిలో బ్యాలెన్స్ బరువులో కొంత డాంపర్ మీదే ఉంటుంది. దాని స్థానంలో గుండ్రంగా సమానంగా ఉన్న పుల్లీ వేస్తే మెలి సంగతి తర్వాత, బ్యాలెన్సే పోతుంది.

రెడ్‌లైన్‌రాజా:

ఆరు, ఎనిమిది సంగతి ఒప్పుకున్నా. నాలుగుకి వద్దాం. కొన్ని చిన్న ఇంజిన్లకి కంపెనీయే రబ్బరు లేని మొద్దు పుల్లీ ఇస్తుంది. మరి వాటి క్రాంక్‌లు విరుగుతున్నాయా? పైగా నా బండిలో వైబ్రేషన్ కొంచెం కూడా లేదు. ఉంటే నాకు తెలియదా?

సగంఎమ్మార్‌స్క్వేర్:

మొదటి ప్రశ్న న్యాయమైనది. రబ్బరు లేకుండా వచ్చిన ఇంజిన్‌లో ఆ ఊపు రెడ్‌లైన్ (ఇంజిన్‌కి అనుమతించిన గరిష్ఠ ఆర్‌పీఎం) దాటి ఉందనో, ఉన్నా క్రాంక్ తట్టుకుంటుందనో తయారుచేసినవాళ్లు కొలిచి చూసుకున్నారు. అలాంటి ఇంజిన్‌కి మొద్దు ఇనుప పుల్లీ తీసి తేలిక పుల్లీ, అదే సైజులో వేస్తే నాకు అభ్యంతరమే లేదు. ముందు కొస బరువు తగ్గితే క్రాంక్ సొంత ఊపు ఇంకా పైకి జరుగుతుంది, మంచిదే. మీ వాదనలో బలమున్నది అక్కడే. రబ్బరుతో వచ్చిన ఇంజిన్‌లో ఆ రబ్బరు తీసేసినప్పుడు మాత్రం ఊపు ఎక్కడికి జరిగిందో మీరూ నేనూ కొలవలేదు, మింగేవాడు కూడా లేడు.

రెండోది మాత్రం కుదరదు. ఈ మెలి ఒక డిగ్రీలో చిన్న భాగం. అది క్రాంక్ లోపల లోపలే ముందుకీ వెనక్కీ జరిగేది, ఇంజిన్‌ని పైకీ కిందకీ ఊపదు. సీటుకీ స్టీరింగుకీ అందేది వేరే వైబ్రేషన్. మనకి తెలియలేదు కాబట్టి లేదు అనడానికి లేదు.

పాతబెల్టు:

రాజా, నీది ట్రాక్ బండి. రెండు సీజన్లకోసారి ఇంజిన్ విప్పి బేరింగులు చూస్తావు. ఈ తమ్ముడు రెండు లక్షలు దాటేదాకా హెడ్ కూడా విప్పడు. ఇద్దరికీ ఒకే మందు రాయకు. ఇంకోటి, డ్రాగ్ రేసులవాళ్లకి డాంపర్ పగిలి ఎగరకుండా ఎస్‌ఎఫ్‌ఐ 18.1 అని ప్రమాణమే ఉంది. వేగం కోసం ప్రాణం పెట్టేవాళ్లు కూడా డాంపర్ ఉంచుకునే పరిగెడుతున్నారు.

మూడోగేరుకి బిగింపు గురించి నాలుగు మాటలు, ఏ పుల్లీ వేసినా పనికొస్తాయి. పాతది లాగేటప్పుడు మూడు కాళ్ల పుల్లర్‌ని బయటి రింగుకి తగిలించి లాగనివ్వకు, రబ్బరు ఊడి చేతికొస్తుంది. హబ్ మీద మరలున్న బెజ్జాలుంటాయి, పుల్లర్ వాటికే. బోల్టు కొత్తది తెప్పించు. చాలా ఇంజిన్లలో అది ఒకసారి సాగదీసి బిగించేది, మళ్లీ వాడకూడదు. మాన్యువల్‌లో ఇన్ని న్యూటన్ మీటర్లు, ఆపైన ఇన్ని డిగ్రీలు అని ఉంటుంది, ఇంపాక్ట్ గన్‌తో గుర్రుమనిపించి వదిలేస్తే కుదరదు. మీ ఇంజిన్‌లో పుల్లీకి కీ (క్రాంక్ మీద జారకుండా పట్టే చిన్న లోహపు ముక్క) ఉందో లేదో ముందే చూసుకోమను. మాజ్డా, ఫోర్డ్ నాలుగు సిలిండర్ల ఇంజిన్లు కొన్నిట్లో కీ ఉండదు, ఆ ఒక్క బోల్టు బిగింపే టైమింగ్ చెయిన్ చక్రాన్ని కూడా పట్టి ఉంచుతుంది. క్రాంక్‌ని, వాల్వులు తెరిచే క్యామ్‌ని లాక్ చేయకుండా విప్పితే టైమింగ్ గోవిందా. కొన్నిట్లో క్రాంక్ సెన్సర్ చదివే పళ్ల చక్రం కూడా పుల్లీ వెనకే ఉంటుంది.

ఆల్టర్నేటర్ పుల్లీ తేలికది వేద్దామని తర్వాత బుద్ధి పుడుతుందేమో, అదీ ఇప్పుడే చెప్పేస్తున్నా. ఈమధ్య బండ్లలో దాని లోపల ఒకవైపే తిరిగే క్లచ్ ఉంటుంది. అది తీసి మొద్దుది వేస్తే బెల్టు దడదడలాడుతుంది.

గీత గీశావా?

మూడోగేరు:

అందరికీ చాలా థ్యాంక్స్. ముందు ప్రశ్నకి జవాబు: నాది ఎలక్ట్రిక్ స్టీరింగ్. కాబట్టి అక్కడ మిగిలేది ఏమీ లేదు.

ఆ రోజే గీశానండి. కుడి చక్రం తీసి, లోపలి ప్లాస్టిక్ కవర్ విప్పితే పుల్లీ ఎదురుగా కనబడింది. ఇన్నాళ్లూ అది ఒకే ముక్క అనుకున్నాను. టార్చ్ వేసి చూస్తే రెండు ఇనుప భాగాల మధ్య నల్లటి సన్నటి ఉంగరం. గోరు పెట్టి నొక్కితే పొడిపొడిగా ఉంది, ఓ చోట కాస్త బయటికి ఉబ్బింది కూడా. తెల్ల గీత గీసి మూసేశాను.

ఎనిమిది రోజులు, 310 కిలోమీటర్లు. ఈరోజు పొద్దున మళ్లీ విప్పి చూశాను. హబ్ మీద గీత, రింగు మీద గీత కలవడం లేదు. మధ్యలో నా చిటికెన వేలు పడుతుంది. రెండుసార్లు చూసుకున్నాను, నేనే వంకరగా గీశానేమోనని. గీసినరోజే ఫొటో తీసి పెట్టుకోవడం మంచిదైంది.

మెకానిక్‌కి చూపిస్తే "అదే నేను అప్పుడే చెప్పానుగా" అన్నాడు. చెప్పాడనుకోండి.

పాతబెల్టు:

చిటికెన వేలంత అంటే ఇక ఎక్కువ నడపకు. పూర్తిగా వదిలేస్తే రింగు వెనక్కి జరిగి కవర్‌ని కోసేస్తుంది, లేదా బెల్టుని విసిరేస్తుంది. బెల్టు పోతే చార్జింగూ, నీళ్లూ రెండూ ఒకేసారి పోతాయి.

మూడోగేరు:

పని అయిపోయింది. కంపెనీ డాంపరే వేయించాను. కొత్త బోల్టు, బెల్టు, టెన్షనర్. కీచు పోయింది. నేను ఊహించనిది ఇంకోటి జరిగింది: ఐడిల్‌లో స్టీరింగ్ దగ్గర సన్నగా ఉండే ఓ జుమ్ము కూడా పోయింది. పోయాక గానీ అది ఇన్నాళ్లూ ఉందని నాకు తెలియలేదు.

పాత పుల్లీని ఇంటికి తెచ్చుకుని తూకం వేశాను, 2.28 కిలోలు. రింగుని చేత్తో పట్టి తిప్పితే హబ్ మీద కొంచెం కొంచెంగా జరుగుతోంది, సీసా మూత తిప్పినట్టు. సగంఎమ్మార్‌స్క్వేర్ గారు చెప్పిన ఫ్లైవీల్ సంగతి క్లచ్ పోయినప్పుడు మళ్లీ వచ్చి అడుగుతాను, అప్పటిదాకా లెక్కలు దాచి ఉంచండి.

కొత్త పుల్లీ బిగించేముందు దానిమీద కూడా తెల్ల గీత గీయించాను. మెకానిక్ నవ్వాడు గానీ, బ్రష్ తనే తీసుకుని నాకంటే నిటారుగా గీశాడు.